ఓఎన్‌జీసీ, రైల్వేల్లో అప్రెంటిస్ శిక్షణ: గోదావరి డెల్టా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలివి. ప్రధానంగా ఓఎన్‌జీసీ రాజమండ్రి అసెట్‌ను, అంటే ఆ సంస్థ ఇక్కడ చమురు, గ్యాస్ తీసే విభాగాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాం. రైల్వే, ఆర్టీసీ నిబంధనలు వేరుగా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం. మెరిట్ తక్కువై సీటు పోగొట్టుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. మార్కులుండీ కాగితాల దగ్గర పోగొట్టుకునేవాళ్లు కూడా తక్కువేమీ కాదు. అందుకే సర్టిఫికెట్ల గురించి కాస్త ఎక్కువ రాయాల్సి వచ్చింది.

అప్రెంటిస్‌గా చేరితే ఉద్యోగం వచ్చినట్టేనా?

రానట్టే. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం మీరు శిక్షణార్థి, కార్మికుడు కాదు. ఈపీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత సంస్థకు లేదు, ఇచ్చినా చేరాల్సిన బాధ్యత మీకూ లేదు. శిక్షణలో ప్రమాదం జరిగితే మాత్రం కార్మికుడికి ఇచ్చే లెక్కనే నష్టపరిహారం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

"మరి ఏడాది పాడుచేసుకోవడం ఎందుకు?" అంటారు. చేతికి వచ్చేది జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. డిప్లొమా, డిగ్రీవాళ్లయితే దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు ఇచ్చే ప్రావీణ్య పత్రం. దాని విలువ ఎక్కడ తెలుస్తుందో కింద రాశాం.

ఇంత పెద్ద సంస్థకు మన పిల్లలతో ఏం పని? దయతో తీసుకుంటున్నారా?

దయేమీ లేదు, అది చట్టం. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన బలగంలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. కాంట్రాక్టు సిబ్బంది కూడా ఆ లెక్కలోకి వస్తారు. తగ్గితే ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తరవాత నెలకు 1000 రూపాయలు జరిమానా. కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవరి సిఫారసూ అక్కర్లేదు, మొహమాటమూ అక్కర్లేదు.

డెల్టాలో ఎక్కడెక్కడ అవకాశం ఉంది?

ఓఎన్‌జీసీ అప్రెంటిస్ ప్రకటనల్లో దక్షిణ సెక్టార్ కింద చెన్నై, కారైకాల్‌తో పాటు రాజమండ్రి, కాకినాడ కనిపిస్తాయి. రాజమండ్రిది నేల మీది బావుల పని: కోనసీమ, మండపేట, నరసాపురం వైపు క్షేత్రాలు, గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్లు, తాటిపాక మినీ రిఫైనరీ. కాకినాడది సముద్రం వైపు పని. ఓడలరేవు టెర్మినల్ దానికి సంబంధించినదే. రాజమండ్రి సీటు వచ్చిందంటే రోజూ బేస్ కాంప్లెక్స్‌లోనే కూర్చుంటామని అనుకోవద్దు. ట్రేడును బట్టి వర్క్‌షాపుకో, ఫీల్డు ఇన్‌స్టలేషన్‌కో పంపుతారు.

రైల్వేలో విజయవాడ డివిజన్, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు మనవాళ్లకు దగ్గర. ఆర్టీసీ డిపోల్లో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, పెయింటర్ లాంటి ట్రేడులు ఉంటాయి. ఇల్లు వదిలి ఉండలేని పిల్లలకు అమలాపురం, భీమవరం, నరసాపురం డిపోలే నయం అని మా అభిప్రాయం.

ఒక లెక్క ముందే వేసుకోండి. ఓఎన్‌జీసీ అప్రెంటిస్‌కు హాస్టల్ ఇవ్వరు, రానూపోనూ ఖర్చులు ఇవ్వరు. అమలాపురం నుంచి రాజమండ్రి రావులపాలెం మీదుగా సుమారు 65 కిలోమీటర్లు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి బస్సే దిక్కు. సఖినేటిపల్లి వాళ్లకు నరసాపురం పంటు దాటితే పని అయిపోతుందనిపిస్తుంది గానీ, వరదల రోజుల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన చుట్టూ తిరిగి రావాలి. ఆ రోజుల్లో ఆలస్యం కావడం ఖాయం. అది హాజరులో పడుతుంది.

ఏ పోర్టల్‌లో నమోదు కావాలి?

మీ చదువును బట్టి. ఐటీఐ, పది, ఇంటర్ అర్హతతో ట్రేడు అప్రెంటిస్‌గా వెళ్లేవాళ్లకు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్, అంటే ఎన్‌ఏపీఎస్. డిప్లొమా, బీటెక్ వాళ్లకు, సాధారణంగా డిగ్రీవాళ్లకు కూడా, కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ పోర్టల్. ఓఎన్‌జీసీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ లాంటి కొన్ని ట్రేడులకు డిగ్రీ అడుగుతారు. వాటికి ఏ పోర్టల్‌లో పెట్టాలో ప్రకటనలో ట్రేడు పక్కనే రాస్తారు, అదే చూడండి.

క్రమం ఇది. మొదట పోర్టల్‌లో మీ వివరాలు పెట్టి నమోదు సంఖ్య తెచ్చుకోవాలి. ప్రకటన వచ్చాక, ఆ సంస్థ పేరు, పని కేంద్రం పేరు సరిగా ఎంచుకుని, ఆ ట్రేడుకు దరఖాస్తు పెట్టాలి. ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. నమోదు చేసుకోవడాన్నే దరఖాస్తు అనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటారు. దరఖాస్తు చేరిందని పోర్టల్‌లో కనిపించాలి, ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. రైల్వే అయితే ఇవి కాకుండా రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్ వెబ్‌సైటులో కూడా విడిగా దరఖాస్తు పెట్టాలి.

ప్రకటన వచ్చేదాకా ఆగి నమోదు చేసుకుందామంటే ఆఖరి రెండు రోజులూ ఓటీపీ రాక గుంజాటన. చివరి సెమిస్టరు ఫలితాలు వచ్చిన వారంలోనే నమోదు పూర్తి చేయండి.

పరీక్ష ఉంటుందా?

ఓఎన్‌జీసీలో ఉండదు. ఆ సీటుకు అర్హతగా అడిగిన చదువులో మీకు వచ్చిన మార్కుల శాతం మీద మెరిట్ జాబితా వేస్తారు. ఇద్దరికీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకు సీటు. దక్షిణ మధ్య రైల్వే పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు తీస్తుంది. పదిలో కనీసం 50 శాతం ఉండాలి.

వయసు ఓఎన్‌జీసీలో 18 నుంచి 24, రైల్వేలో 15 నుంచి 24. ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు, ఓబీసీలకు 3 ఏళ్లు, దివ్యాంగులకు 10 ఏళ్లు సడలింపు. దివ్యాంగులైన ఎస్సీ, ఎస్టీలకు 15, ఓబీసీలకు 13 ఏళ్లు అవుతుంది. ఏ తేదీకి ఆ వయసు ఉండాలో ప్రకటనలో చూడండి. ఒక్క రోజు తేడాతో పోయిన దరఖాస్తును ఎవరూ కాపాడలేరు.

నాకు మార్కులు కాదు, సీజీపీఏ ఉంది. శాతం ఎలా వేయాలి?

పదితో గుణించేయకండి. మార్కుల జాబితా వెనక వైపో, అడుగునో విశ్వవిద్యాలయం సూత్రం అచ్చు వేసి ఉంటుంది. జేఎన్‌టీయూ కాకినాడలో చాలా బ్యాచ్‌లకు అది సీజీపీఏలోంచి 0.75 తీసేసి 10తో గుణించడం. అంటే 7.75 వచ్చినవాళ్ల శాతం 70, 77.5 కాదు. ఎక్కువ వేసి మెరిట్‌లోకి వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలనలో అసలు శాతం బయటపడుతుంది. అప్పుడు సవరించరు, ఏకంగా తిరస్కరిస్తారు. పదో తరగతి గ్రేడుల విషయంలో సంస్థ ప్రకటనలో ఇచ్చిన సూత్రమే వాడాలి.

ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉంది. పర్వాలేదా?

పర్వా ఉంది. మనవైపు మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా చివరన ఉంటుంది. పోర్టల్ ఆధార్‌తో సరిచూసి, మెమోలో పేరుతో తేడా కనబడితే ఆపేస్తుంది. మెమోను మార్చడం నెలల పని. ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్చుకోవడం తేలిక, ఎప్పుడూ అదే చేయండి. పేరు మార్పుకు ఆధార్‌లో అవకాశాలు రెండే. మొదటిసారే అక్షరం అక్షరం చూసి పెట్టించండి. పుట్టిన తేదీకైతే ఒక్క అవకాశమే.

ఇంకొక చిక్కు జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం పిల్లవాడి ఆధార్‌లో తూర్పు గోదావరి అని ఉంటుంది, కులధ్రువీకరణలో కోనసీమ అని ఉంటుంది. భీమవరం వాళ్లకు అదే పశ్చిమ గోదావరి, కానీ ఏలూరు వాళ్లకు జిల్లానే మారిపోయింది. నివాసాన్ని జిల్లాల వారీగా చూసే ప్రకటనల్లో ఇది సందేహాలు తెస్తుంది. ఆధార్‌లో చిరునామా కొత్త జిల్లాతో మార్చుకుని, నివాస ధ్రువీకరణ కూడా కొత్తది తీసుకోండి. యానాం విద్యార్థులకు ఈ కాగితాలన్నీ పుదుచ్చేరి ప్రభుత్వం నుంచి రావాలి. ఎదుర్లంక వంతెన ఇవతల సచివాలయంలో అడిగి లాభం లేదు.

మాకు బీసీ-బి సర్టిఫికెట్ ఉంది. అది సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే.

ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులు రాష్ట్రానివి. ఓఎన్‌జీసీ, రైల్వే కేంద్ర సంస్థలు, వాటికి కేంద్ర ఓబీసీ జాబితా ప్రమాణం. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో ఉండి తీరాలని లేదు. ముందు జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైటులో ఆంధ్రప్రదేశ్ జాబితా తీసి మీ కులం, దాని పర్యాయ పేర్లు చూసుకోండి. ఉంటే కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీ లేయర్ (సంపన్న శ్రేణిలో లేరని తెలిపే) సర్టిఫికెట్ కావాలని తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. సచివాలయంలో "ఓబీసీ" అంటే కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు అలవాటు కొద్దీ సమీకృత కులధ్రువీకరణ పెట్టేస్తారు. "కేంద్ర ఉద్యోగాల కోసం ఓబీసీ సర్టిఫికెట్" అని విడిగా చెప్పి, రసీదు మీద సేవ పేరు చదవండి.

క్రీమీ లేయర్ లెక్క గురించి కూడా అపోహలు ఎక్కువే. 8 లక్షల పరిమితిలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. వ్యాపారం, అద్దెలు, వృత్తి లాంటి మిగతా ఆదాయమే చూస్తారు. అదీ వరసగా మూడేళ్లు దాటితేనే. అలాగని జీతగాళ్లందరూ బయటపడ్డట్టు కాదు. తల్లి గానీ తండ్రి గానీ నేరుగా గ్రూప్-ఏ ఉద్యోగంలో చేరినవారైతే ఆదాయంతో పనిలేకుండా పిల్లలు క్రీమీ లేయరే. సాగునీటి భూమి, భూ సీలింగు చట్టం పెట్టిన పరిమితిలో 85 శాతం దాటినా అంతే.

ఎస్సీ వర్గీకరణ గురించి ఈమధ్య బాగా అడుగుతున్నారు. 2025లో రాష్ట్రం తెచ్చిన వర్గీకరణ రాష్ట్ర ఉద్యోగాలకూ రాష్ట్ర విద్యాసంస్థలకే. కేంద్ర సంస్థల్లో ఎస్సీ అంతా ఒకటే.

మేం ఓసీ. ఈడబ్ల్యూఎస్‌లో మాకు వస్తుందా?

దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ సీట్లలోనూ, కేంద్ర సంస్థల రెగ్యులర్ నియామకాల్లోనూ ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) కోటా 10 శాతం ఉంది. ఇక్కడ లెక్క ఓబీసీ లెక్కకు తిరగబడి ఉంటుంది: జీతం, వ్యవసాయం, కొబ్బరికాయలు, చెరువు లీజు, అన్నీ కలిపి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి.

ఆదాయం సరిపోయినా ఆస్తి దగ్గర ఆగిపోవచ్చు. వ్యవసాయ భూమి 5 ఎకరాలు, అంతకు మించి ఉంటే అర్హత లేదు. నివాస ఫ్లాటు 1000 చదరపు అడుగులు, అంతకు మించి ఉన్నా లేదు. నివాస స్థలమైతే నోటిఫై చేసిన మున్సిపాలిటీల్లో 100 చదరపు గజాలు, మిగతా చోట్ల 200 చదరపు గజాలు పరిమితి. మన లెక్కలో చెప్పాలంటే పట్నంలో రెండు సెంట్ల పైచిలుకు, పల్లెలో నాలుగు సెంట్ల పైచిలుకు. కుటుంబం అంటే అభ్యర్థి, తల్లిదండ్రులు, 18 ఏళ్లలోపు తోబుట్టువులు, పెళ్లయితే జీవిత భాగస్వామి, 18 లోపు పిల్లలు. వేర్వేరు చోట్ల ఉన్న భూములన్నీ కలిపి చూస్తారు. అమ్మ పేరున పుట్టింటివాళ్లు రాసిచ్చిన ఎకరం కూడా లెక్కే.

ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ఆర్థిక సంవత్సరం ముఖ్యం. కిందటేడు తీసుకున్నది ఈ ఏడాది చెల్లదు. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసుకోవడం అలవాటు చేసుకోండి.

బావులు మా ఊళ్లోనే ఉన్నాయి. స్థానికులకు కోటా లేదా?

చాలా న్యాయమైన ప్రశ్నే, కానీ సమాధానం నిరాశ కలిగించేదే. ఫలానా ఊరివాడని ప్రభుత్వ ఉద్యోగంలో తేడా చూపడాన్ని రాజ్యాంగం 16వ అధికరణ ఒప్పుకోదు. నివాసం షరతు పెట్టే అధికారం పార్లమెంటుకే ఉంది. రాష్ట్ర ఉద్యోగాల్లో వినిపించే స్థానిక రిజర్వేషన్ రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా వచ్చింది, అది కేంద్ర సంస్థలకు వర్తించదు. మనవాళ్లకు దగ్గరగా దొరికేది అప్రెంటిస్ సీట్లే. పని కేంద్రం వారీగా భర్తీ చేస్తారు కాబట్టి రాజమండ్రి, కాకినాడ ఎంచుకుంటే పోటీ ఆ కేంద్రానికి దరఖాస్తు పెట్టినవాళ్ల మధ్యే.

రిగ్గు దగ్గర కాంట్రాక్టరు ఇచ్చే పని వేరు, ఇది వేరు. "ఓఎన్‌జీసీలో పని చేశాను" అని రెండేళ్ల తరవాత చూపించుకోవడానికి కాంట్రాక్టరు చీటీ అప్రెంటిస్ సర్టిఫికెట్‌కు సాటిరాదు.

దివ్యాంగులకు ఏం ఉంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ సంస్థల నియామకాల్లో 4 శాతం రిజర్వేషన్: చూపు లేనివారికి, తక్కువ చూపువారికి ఒకటి. వినికిడి లోపం ఉన్నవారికి ఒకటి. చలన వైకల్యం ఉన్నవారికి ఒకటి, ఇందులోనే మరుగుజ్జుతనం, సెరెబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, యాసిడ్ దాడి బాధితులు, కుష్టు నయమైనవారు వస్తారు. ఆటిజం, మేధోవైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవారికి ఇంకొకటి. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. ఇది అడ్డంగా వర్తించే రిజర్వేషన్, అంటే మీ కుల కేటగిరీ మీకు ఉండగానే ఇదీ ఉంటుంది.

మన దగ్గర సదరం (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. కేంద్ర సంస్థలకు యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. సదరంలో తాత్కాలికం అని ఉంటే గడువు తేదీ చూసి ముందుగానే స్లాట్ పెట్టుకోండి.

రాత పరీక్ష ఉన్న నియామకాల్లో అర్హత ఉన్నవారికి గంటకు 20 నిమిషాలు అదనపు సమయం, లేఖరి సౌకర్యం ఇవ్వాలి. దరఖాస్తులో "లేఖరి కావాలి" అన్న గడిలో టిక్ పెట్టకపోతే పరీక్ష రోజు అడిగినా ఇవ్వరు.

ట్రేడు ఎంపికలో మా సలహా: పోస్టు ఆ వైకల్యానికి అనువైనదిగా గుర్తించారో లేదో ప్రకటనలోని పట్టికలో చూడండి. కంప్రెసర్ల దగ్గర చెవికి రక్షణ పెట్టుకుని పనిచేయాలి, హెచ్చరిక సైరన్ మీదే ఆధారపడాలి. వినికిడి లోపం ఉన్నవారికి కోపా (కంప్యూటర్ ఆపరేటర్), అకౌంట్స్, డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడులు సుఖం. "మీవల్ల కాదు" అని ఎవరైనా నోటిమాటతో పంపేస్తే ఊరుకోవద్దు, కారణం రాతపూర్వకంగా అడగండి. ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఈ చట్టం కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి.

అమ్మాయిలను ఫీల్డుకు పంపుతారా? రాత్రి డ్యూటీలా?

పంపుతారు. గనుల చట్టం కిందకు వచ్చే పని కావడంతో చాలాకాలం ఆడవాళ్లు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే పనిచేయాలన్న నియమం ఉండేది. నేల మీది పనుల్లో రాత్రి వేళ కూడా వాళ్ల రాతపూర్వక అంగీకారంతో, భద్రత ఏర్పాట్లతో పెట్టుకోవచ్చని 2019లో కేంద్రం సడలించింది. అంగీకారం లేకుండా వేయకూడదన్నది అందులో ముఖ్యమైన మాట.

కేంద్ర సంస్థల నియామకాల్లో మహిళలకు విడిగా శాతం లేదు. రాష్ట్ర ఉద్యోగాల్లో మూడో వంతు ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉంటుందనుకుని లెక్కలు వేసుకోవద్దు. చాలా దరఖాస్తుల్లో ఫీజు మినహాయింపు మాత్రం ఉంటుంది. రైల్వే అప్రెంటిస్‌కు 100 రూపాయల ఫీజు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు కట్టక్కర్లేదు.

తల్లిదండ్రులు నేరుగా అడగరు గానీ వాళ్ల మనసులో ఉండే ప్రశ్న వేధింపుల గురించి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టంలో "ఉద్యోగి" అన్న మాటలోనే అప్రెంటిస్, ట్రైనీ కూడా ఉన్నారు. పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. చేరిన మొదటి రోజే నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు ఫోటో తీసుకోండి, అవసరం పడకపోతే మంచిదే.

స్టైపెండ్ ఎంత? ఎప్పుడు పడుతుంది?

2019 నిబంధనల ప్రకారం కనీసం: పది పాసైనవారికి నెలకు 6000, ఐటీఐవారికి 7000, డిప్లొమాకు 8000, డిగ్రీకి 9000. శిక్షణ రెండో ఏడాది ఉంటే 10 శాతం, మూడో ఏడాదికి 15 శాతం పెరుగుతుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ వీటిని 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. ఆ తరవాతి ఓఎన్‌జీసీ ప్రకటనలో డిగ్రీవారికి 12,300, డిప్లొమావారికి 10,900 ఉన్నాయి. స్టైపెండ్ తరవాతి నెల 10వ తేదీలోగా ఇవ్వాలి.

ప్రభుత్వ వాటా ఉన్నచోట అది మీ ఖాతాకు నేరుగా వస్తుంది. సంస్థ వాటా వచ్చింది, ప్రభుత్వ వాటా రాలేదు అంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు బ్యాంకు ఖాతాదే. ప్రభుత్వ డబ్బు మీరు రాసిచ్చిన ఖాతా నంబరుకు కాదు, ఆధార్‌కు చివరిసారి అనుసంధానమైన ఖాతాకు పోతుంది. మన పిల్లల్లో చాలామందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం అమ్మతో కలిపి తెరిచిన జాయింట్ ఖాతా ఒకటి, కాలేజీలో తెరిచింది ఒకటి ఉంటాయి. డబ్బు ఎవరూ చూడని ఖాతాలో పడి ఉంటుంది. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ స్థితి చూసుకుని, మార్చాలంటే కావాల్సిన బ్యాంకుకే వెళ్లి డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాకు రావడం) సమ్మతి పత్రం ఇవ్వండి. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, డీబీటీకి సీడింగ్ వేరు. కౌంటర్లో రెండో మాట చెప్పాలి.

ఏడాదిలో నిజంగా ఏం నేర్పుతారు?

అది సగం మీ మీద ఉంటుంది. మొదట భద్రత. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండిన ప్రాంతం ఇది. ఇక్కడ భద్రత పాఠాన్ని లాంఛనంగా తీసుకోరు. ప్లాంటు గేటు దగ్గర ఫోన్, లైటర్ ఇచ్చేయాలి. లోపలికి వెళ్లే వాహనం సైలెన్సర్‌కు నిప్పురవ్వలు ఆపే జాలీ బిగించాలి. వెల్డర్ అప్రెంటిస్ ముందు నేర్చుకునేది రాడ్డు పట్టుకోవడం కాదు, హాట్ వర్క్ పర్మిట్ చదవడం: ఏ లైను, దాన్ని ఎవరు ఐసొలేట్ చేశారు (మూసి వేరు చేశారు), గ్యాస్ పరీక్ష ఎన్నింటికి చేశారు, పర్మిట్ ఎన్నింటి దాకా. మీథేన్ గాలిలో 5 శాతానికి చేరితే అంటుకుంటుంది. చేతిలోని డిటెక్టర్ ఆ 5 శాతాన్ని నూరుగా లెక్కపెట్టి చూపిస్తుంది. అందుకే మీటరు మీద 20 అంటే గాలిలో గ్యాస్ 1 శాతం. ఈ తేడా తెలియనివాళ్లు "ఇరవయ్యే కదా" అంటారు.

ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లకు రోజూ ఎదురయ్యేది 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల సిగ్నల్. 0 నుంచి 100 కిలోల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌లో 8 మిల్లీఆంప్స్ వస్తే ప్రెషర్ ఎంత? 40 అనేస్తారు. సున్నా దగ్గరే 4 ఉంది కాబట్టి పదహారులో నాలుగు, అంటే 25 కిలోలు. సిగ్నల్ 4 కంటే కిందికి పోయిందంటే ప్రెషర్ తగ్గిందని కాదు, వైరో ట్రాన్స్‌మిటరో పాడైందని. ఏ సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లినా ఈ ప్రశ్న తప్పదు.

ఆఫీసు ట్రేడుల్లో ఒక ప్రమాదం ఉంది: ఏడాదంతా జిరాక్సులూ ఫైళ్లు మోయడంతో సరిపోతుంది. శిక్షణ డైరీ వారం వారం రాసి అధికారి సంతకం పెట్టించుకోండి. డైరీలో "ఫైలింగ్" అని మూడు వారాలు వరసగా కనిపిస్తే, అది చూపించి వేరే విభాగం అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే.

మధ్యలో మానేయవచ్చా? ఇంకోచోట మళ్లీ చేయవచ్చా?

ఒప్పందం పోర్టల్‌లో నమోదవుతుంది కాబట్టి చెప్పాపెట్టకుండా మానేస్తే ఆ రికార్డు తెరిచే ఉండిపోయి తరవాతి దరఖాస్తులకు అడ్డం పడుతుంది. రాజీనామా రాసిచ్చి, పోర్టల్‌లో ఒప్పందం రద్దు చేయించుకున్నాకే బయటికి రండి. ఒకసారి పూర్తి చేసినవారిని, ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారిని సాధారణంగా మళ్లీ తీసుకోరు. అందుకని చిన్న వర్క్‌షాపులో తొందరపడి ఒప్పందం చేసుకునే ముందు ఆలోచించండి.

పూర్తయ్యాక లాభం ఎక్కడ?

స్పష్టంగా కనిపించేది రైల్వేలోనే. రైల్వేలో శిక్షణ పూర్తిచేసి జాతీయ సర్టిఫికెట్ పొందినవారికి లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి పోస్టులు) నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష మాత్రం రాయాలి.

మిగతా సంస్థల విషయంలో 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఆధారం: మిగతావన్నీ సమానంగా ఉంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి, శిక్షణ కాలం మేరకు వయసు సడలింపును నిబంధనలను బట్టి చూడాలి. "మిగతావన్నీ సమానంగా ఉంటే" అన్న మాటను మరిచిపోవద్దు. పరీక్షలో వెనకబడితే ఈ తీర్పు పనికిరాదు.

ఓఎన్‌జీసీ రెగ్యులర్ పోస్టులు ఏటా రావు. 2022లో 922 నాన్-ఎగ్జిక్యూటివ్ పోస్టులకు కంప్యూటర్ పరీక్ష పెట్టింది. ఇంజినీర్లను ఏళ్లపాటు గేట్ స్కోరు మీద తీసుకుని, 2025 ప్రకటనకు సొంత పరీక్ష పెట్టింది. కాబట్టి శిక్షణ ఏడాదిలోనే సాయంత్రాలు ఆప్టిట్యూడ్, సబ్జెక్టు చదవడం అవసరం. శిక్షణ అయ్యాక మొదలుపెడదామనుకుంటే ఆలస్యమే.

చదువుతుండగా ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

పాలిటెక్నిక్ పిల్లలకు ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ, డిగ్రీవారికి కమ్యూనిటీ ప్రాజెక్టుతో కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్ సిలబస్‌లోనే ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలకు విద్యార్థి సొంతంగా మెయిల్ పెడితే జవాబు రావడం అరుదు. ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద, విద్యార్థి పేరు, బ్రాంచి, తేదీలు, కోరే విభాగం రాసి, కనీసం రెండు నెలల ముందు హెచ్ఆర్ విభాగానికి పంపాలి. ఒకే లేఖలో నలభై పేర్లు పెడితే పక్కన పెడతారు. నలుగురైదుగురి పేర్లు పెట్టి చూడండి.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వేరు: మొదలైనప్పుడు అది చదువు ముగించిన 21 నుంచి 24 ఏళ్లవారికి 12 నెలలు, నెలకు 5000, ఒకసారి 6000. అప్రెంటిస్ శిక్షణ పూర్తిచేసినవారికి ఇది ఉండదు.

స్కాలర్‌షిప్‌లు?

ఓఎన్‌జీసీ ఫౌండేషన్ ఏటా 2000 మందికి, ఏడాదికి 48,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకం ఉంది: 1000 ఎస్సీ, ఎస్టీలకు, 500 ఓబీసీలకు, 500 జనరల్, ఈడబ్ల్యూఎస్‌లకు. సగం అమ్మాయిలకు. ఇంజినీరింగ్, ఎంబీబీఎస్, ఎంబీఏ, జియాలజీ లేదా జియోఫిజిక్స్ పీజీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడాదిలో తెలుసుకుని లాభం లేదు.

లక్ష ఇస్తే సీటు ఇప్పిస్తామంటున్నారు...

మార్కుల జాబితా మీద వేసే మెరిట్‌లో ఎవరూ ఏమీ ఇప్పించలేరు. ఎలాగూ వచ్చే సీటునే తాము ఇప్పించామని చెప్పి డబ్బు తీసుకుంటారు, రానివాళ్లకు ఫోన్ ఎత్తరు. నియామక పత్రం సంస్థ మెయిల్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వస్తే నకిలీ అనే అనుకోండి.

నాకంటే తక్కువ మార్కులవాళ్లకు వచ్చింది, నాకు రాలేదు. ఏం చేయాలి?

ముందు కేటగిరీ, పని కేంద్రం, ట్రేడు మూడూ ఒకటేనో కాదో చూడండి. ఒకటే అయితే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. "నాకెందుకు రాలేదు" అని రాస్తే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: ఫలానా ప్రకటనలో, ఫలానా కేంద్రంలో, ఫలానా ట్రేడుకు కేటగిరీల వారీగా చివరి అభ్యర్థి మార్కుల శాతం, నా దరఖాస్తు సంఖ్యకు లెక్కించిన శాతం, తిరస్కరిస్తే నమోదు చేసిన కారణం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సరిగా లేకపోయినా ఆ తరవాతి 30 రోజుల్లో మొదటి అప్పీలుకు ఫీజు లేకుండా వెళ్లవచ్చు. తప్పు సంస్థదని తేలినా ఆ ఏడాది బ్యాచ్ అప్పటికే నడుస్తుంటుంది కాబట్టి జాబితా వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి.